నదుల కూతుళ్ళు

కెనడా పడమటి తీరం నుంచి వంద కిలోమీటర్ల దూరాన, పసిఫిక్ సముద్రంలో 150కి పైగా దీవులున్నాయి. హైదా గ్వాయి అంటారు. అంతకుముందు మ్యాపుల్లో వీటికి ఒక ఇంగ్లీషు ఓడ పేరు ఉండేది. ఆ ఓడకి పెట్టింది ఇంగ్లండు రాణిగారి పేరు. 2010లో ఆ పేరు తీసేసి, ఆదినుంచీ అక్కడున్న హైదా ప్రజల పేరే అధికారికంగా పెట్టారు.

ఏటా వేసవిలో ఈ దీవులకి డబ్బున్నవాళ్ళు సాల్మన్ చేపలు పట్టుకోవడానికి వెళ్తారు. వాంకోవర్‌లో విమానం ఎక్కి రెండు గంటల ప్రయాణం. అక్కణ్ణుంచి హెలికాప్టరో, నీళ్ళమీద వాలే చిన్న విమానమో ఎక్కాలి. ఎందుకంటే దూరంగా ఉత్తర తీరంలో ఉన్న లాడ్జిలకి రోడ్డు లేదు. ఒకవైపు దట్టమైన దేవదారు అడవి, రెండోవైపు సముద్రం. మూడు నాలుగు రోజుల మకాంకి మనిషికి వేల డాలర్లు, అంటే మన లెక్కలో లక్షలు.

దిగగానే తడవని కోటూ బూట్లూ ఇస్తారు. తెల్లారకముందే లేపి కాఫీ ఇచ్చి పడవెక్కిస్తారు. పడవకి ఒక గైడు ఉంటాడు. ఎర హెర్రింగ్ చేప, అది మన కవళ్ళ కుటుంబంలోదే. దాని తలని ఏటవాలుగా కోసి గాలానికి గుచ్చుతారు. అలా కోస్తేనే నీళ్ళలో దెబ్బతిన్న చేపలా గిరగిరా తిరుగుతుందట. గాలం కొనకి లోపలివైపు ముల్లు ఉండకూడదని అక్కడి రూలు. అందుకని దారం కాస్త వదులైతే చాలు, చేప విదిలించుకుని పోతుంది. చిన్నవాటిని దెబ్బ తగలకుండా మళ్ళీ నీళ్ళలోకి వదలడానికీ ఇదే మేలు.

సాల్మన్లలో అన్నింటికన్నా పెద్దది చినూక్. 30 పౌన్లు దాటితే దాన్ని 'టైయీ' అంటారు. అంటే పెద్ద, నాయకుడు అని. అలాంటిది పడితే గంట కొట్టే లాడ్జిలున్నాయి. ఇంతకీ ఎర గుచ్చేది గైడే, పడవ నడిపేదీ గైడే, చివర్లో వల పట్టి చేపని పైకెత్తేదీ గైడే. మరి పట్టిందెవరని అడక్కండి. ఫోటోలో నవ్వుతూ ఉండేది మాత్రం అతిథిగారే! సాయంత్రానికి పనివాళ్ళు దాన్ని తోమి, ముక్కలు కోసి, గాలి చొరని సంచుల్లో గడ్డకట్టించి, పెట్టెలో పెట్టి ఇస్తారు. పెరట్లో బూడిదా రాయీ పెట్టుకుని చేపలు తోమిన ఇల్లాళ్ళకి, ఆ టిక్కెట్టు డబ్బుకి గిట్టుబాటయింది ఇదొక్కటే అనిపించినా ఆశ్చర్యం లేదు.

సాల్మన్ సంగతి గోదావరి జిల్లాలవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. వరదకి ఎదురీది సముద్రంలోంచి గోదావరిలోకి వచ్చే పులసని చూసినవాళ్ళే కదా. సాల్మన్ది ఇంకా గట్టి పట్టుదల. ఏటిలో పుట్టి, సముద్రానికి పోయి, కొన్నేళ్ళు పెరిగి, గుడ్లు పెట్టడానికి వెతుక్కుంటూ పుట్టిన ఏటికే వస్తుంది. మంచినీళ్ళలోకి వచ్చాక ఇక తిండి ముట్టదు. పసిఫిక్ సాల్మన్లు గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. ఎలుగుబంట్లు వాటిని అడవిలోకి ఈడ్చుకెళ్ళి సగం తిని వదిలేస్తే, ఆ మిగిలింది చెట్లకి ఎరువు. టామ్ రైమ్‌చెన్ అనే శాస్త్రవేత్త ఈ దీవుల్లోనే దాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. సముద్రం నుంచి వచ్చిన నత్రజని చెట్ల మాను వలయాల్లో దొరికింది.

లాడ్జిల ముందు పడే చినూక్‌లలో చాలా భాగం దక్షిణాన ఎక్కడో ఫ్రేజర్, కొలంబియా లాంటి నదులకి వెళ్తూ దారిలో దొరికినవే. అంటే పట్టేవాళ్ళూ బయటివాళ్ళే, చేపలూ బాటసారులే. మరి నీళ్ళు ఎవరివి?

హైదాల్లో పిల్లలకి వంశం తల్లినుంచి వస్తుంది. కాకి, గద్ద అని రెండు పక్షాలు. మన సగోత్రంలాగే ఒకే పక్షంలో పెళ్ళి కుదరదు. అయితే ఇక్కడ లెక్క తండ్రిది కాదు, అమ్మది. అమ్మమ్మని వాళ్ళు 'నానీ' అంటారు. వినడానికి మన నాయనమ్మ మాటకి దగ్గరగా లేదూ!

ఈ నానీలకి అంటురోగమంటే పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. 1862లో ఓడలో విక్టోరియా పట్టణానికి మశూచి వచ్చింది. అక్కడ గుడారాల్లో ఉన్న ఆదివాసుల్ని అధికారులు తరిమేశారు. వాళ్ళు పడవలెక్కి రోగంతో సహా ఇళ్ళకి చేరారు. వేలాదిగా ఉండే హైదాలు ఆ తర్వాత యాభై ఏళ్ళకి ఆరువందలమంది కూడా మిగల్లేదు. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మిగిలినవాళ్ళు రెండే ఊళ్ళలో తలదాచుకున్నారు.

అందుకే 2020 మార్చిలో కోవిడ్ రాగానే హైదా పాలకమండలి బయటివాళ్ళని రావద్దంది. దీవులన్నింటికీ ఉన్నవి రెండు చిన్న ఆస్పత్రులు. కానీ జులైలో చేపల సీజను మధ్యలో ఒక పెద్ద లాడ్జి, హైదాల అనుమతి లేకుండానే అతిథుల్ని విమానాల్లో దింపడం మొదలుపెట్టింది. వ్యాపారానికి ఏడాదిలో నాలుగు నెలలే కదా, వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. అయినా పోయే ప్రాణాలు ఎవరివో ఆలోచించాలిగా?

అప్పుడు కదిలింది ఆడవాళ్ళు. 'గాండ్లీ గూ జాలంగ్', అంటే నదుల కూతుళ్ళు, అని పేరు పెట్టుకున్నారు. లాడ్జిలున్న ఆ ఉత్తర తీరంలోనే ఒకప్పుడు ఖాళీ అయిపోయిన పాత ఊళ్ళు కుంగ్, కియుస్టాలకి వెళ్ళి మకాం పెట్టారు. తమ ఊళ్ళో తాముండటమే వాళ్ళ నిరసన. మేం హైదా చట్టాన్ని నిలబెడుతున్నాం అన్నారు. నెలాఖరుకి దీవుల్లో కోవిడ్ కేసులు బయటపడ్డాయి. జులై 30న బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం, అవసరం లేని ప్రయాణాలు ఆపుతూ ఆదేశమిచ్చింది. లాడ్జివల్లే కేసులొచ్చాయని నేననడంలేదు. వచ్చాక కాదు, రాకముందే వద్దన్నవాళ్ళ మాట వినాల్సింది అంటున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. హైదాల్లో చాలామంది లాడ్జిలన్నీ మూసెయ్యమనడంలేదు. వాటిల్లో పనిచేసేవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. హైదాలే నడుపుకునే లాడ్జీ ఉంది. అడిగి రమ్మంటున్నారు, అంతే.

2024 ఏప్రిల్‌లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం, 2025 ఫిబ్రవరిలో కెనడా ప్రభుత్వం ఈ దీవుల భూమి హక్కు హైదాలదేనని ఒప్పందాలు చేసుకున్నాయి. ఇప్పుడు అక్కడికి వెళ్ళదలచినవాళ్ళని ముందుగా ఒక ప్రతిజ్ఞ చదివి ఒప్పుకోమని హైదాలు కోరుతున్నారు. ఈ నేలనీ, నీటినీ, ఇక్కడి మనుషుల్నీ గౌరవిస్తామని అందులో ఉంటుంది. గాలం, కోటూ, గైడూ అన్నీ ఆ తర్వాతే.