బ్యాటు గొప్పదా? కాలు గొప్పదా? చెయ్యి గొప్పదా?

నిరుడు వేసవి సెలవుల్లో మా చెల్లెల్ని చూడడానికి అమెరికా వెళ్ళాను. వాళ్ళుండేది డెట్రాయిట్ నగరం శివార్లలో. వెళ్ళిన రెండోనాటి రాత్రి, భోజనాల దగ్గర, మా బావకూ పన్నెండేళ్ళ మా మేనల్లుడికీ పెద్ద పేచీ వచ్చింది. దేన్ని గురించి అనుకున్నారు? 2012లో బేస్‌బాల్ ఆటలో ఉత్తమ ఆటగాడి బహుమతి ఎవరికి ఇవ్వవలసింది అని! అప్పటికి మావాడు పుట్టనేలేదు. తాతలనాటి గట్టు తగాదాలో మనుమడు వకాల్తా పుచ్చుకున్నట్లు వాడు వాదిస్తున్నాడు. బావ కంచంలో అన్నం చల్లారిపోతోంది.

"యీ తగవు నెలకోసారి వుంటుందన్నయ్యా! నువ్వు నెయ్యి వేసుకో" అంది మా చెల్లెలు.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. పోతన గొప్పవాడా, శ్రీనాథుడు గొప్పవాడా అని గంటలకొద్దీ వాదించుకోవడం మాకూ అలవాటే. అంచేత తగవు సంగతి బోధపడకపోయినా, తగవులోని రుచి మాత్రం వెంటనే తెలిసింది. ఆ సెలవులన్నీ ఆ ఆట చూడడంతోనూ, చూసేవాళ్ళ మాటలు వినడంతోనూ గడిచిపోయాయి.

ముందు ఆట సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. చదరపు గడి ఒకటి మూలమీద నిలబెట్టినట్లు వూహించుకోండి. నాలుగు మూలలా నాలుగు బేస్‌లు. ఒక దానినుంచి మరొక దానికి 90 అడుగులు. అరవై అడుగుల ఆరంగుళాల దూరంనుంచి పిచ్చర్ బంతి విసురుతాడు. బంతి నేలకు తగలకుండానే రావాలి. బ్యాటరు కొట్టి, మూడు బేస్‌లూ చుట్టి, బయలుదేరిన చోటికి చేరుకుంటే ఒక రన్ను. ఇన్నింగ్స్‌కు ముగ్గురు ఔటైతే సరి, అవతలి జట్టు వంతు. అలా తొమ్మిది ఇన్నింగ్స్. అంటే ఒక్కొక్క జట్టుకూ ఆట మొత్తానికి 27 ఔట్లే పెట్టుబడి అన్నమాట. యీ పెట్టుబడి సంగతి గుర్తుంచుకోండి. ముందుముందు పనికివస్తుంది.

ఆటగాణ్ణి తూచడానికి అక్కడివాళ్ళు అయిదు గుణాలు చెబుతారు: నిలకడగా కొట్టడం, దూరంగా కొట్టడం, పరుగు, బంతి పట్టడం, బంతి విసరడం. మొదటి రెండూ బ్యాటువి, మూడోది కాలిది, చివరి రెండూ చేతివి. అయిదూ ఒకడిలోనే వుంటే మరి తగవే లేదు. 1954 సెప్టెంబరు 29న న్యూయార్కులో జరిగిన ప్రపంచ సిరీస్ ఆటలో విల్లీ మేస్ అనే ఆయన, తల వెనక్కు దాటిపోతున్న బంతి వెంట, జనానికి వీపు చూపిస్తూ పరుగెత్తి, భుజం మీదుగా పట్టేశాడు. 2024లో ఆయన 93వ యేట కన్నుమూసినప్పుడు కూడా అందరూ ముందు ఆ క్యాచ్‌నే తలుచుకున్నారు. ఆయన హోమ్ రన్లు 660! కాని దేవుడు అయిదు గుణాలూ ఒకరికే ఇవ్వడం ఎంత అరుదు! ఒకటి వుంటే మరొకటి వుండదు. అక్కడే వస్తుంది తూకంలో చిక్కు.

మా బావ బ్యాటు పక్షం. "బావగారూ, కొట్టనివాడు ఎంత పరుగెత్తితే ఏం లాభం? మొదటి బేస్‌ను ఎవడూ దొంగిలించలేడు" అంటాడు. అది అక్కడి సామెత. ఒక బేస్‌మీద నిలబడ్డవాడు, పిచ్చర్ బంతి విసిరే అదను కనిపెట్టి తరవాతి బేస్‌కు పరుగెత్తి చేరుకుంటే, దాన్ని 'దొంగిలించడం' అంటారు. అయితే దొంగిలించాలన్నా ముందు మొదటి బేస్ దాకా చేరాలి కదా!

దీనికి తిరుగులేని సాక్ష్యం మా చెల్లెలి పక్కింటి ముసలాయన చెప్పాడు. ఆయన కార్ల కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాడు. సాయంకాలం అరుగుమీద రేడియో పెట్టుకుని ఆట వింటాడు. ఆ రాష్ట్రంలోనే మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో హెర్బ్ వాషింగ్టన్ అనే పరుగుపందాల వీరుడు వుండేవాడట. 1974లో ఓక్లాండ్ జట్టువారు ఆయన్ను కేవలం పరుగుకోసం తీసుకున్నారు. రెండు సీజన్లలో 105 ఆటలు ఆడాడు. ఒక్కసారైనా బ్యాటు పట్టలేదు, ఒక్క బంతైనా విసరలేదు! మరొకరికి బదులు బేస్‌మీద నిలబడడం, పరుగెత్తడం, అంతే. 31 బేస్‌లు దొంగిలించాడు. 17 సార్లు పట్టుబడ్డాడు. 1974 ప్రపంచ సిరీస్ రెండో ఆటలో, సరిగ్గా అవసరమైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, పిచ్చర్ మైక్ మార్షల్ చటుక్కున వెనక్కు తిరిగి విసిరిన బంతికి ఔటైపోయాడు.

అయితే కాలికి విలువ లేదా? లేదనడానికీ వీల్లేదు. రికీ హెండర్సన్ 1982 ఒక్క సీజన్‌లోనే 130 బేస్‌లు దొంగిలించాడు. మొత్తం మీద 1406. ఆయన పూర్తిచేసిన రన్నులు 2295. ఆ రెండు లెక్కల్లోనూ ఆయన్ను మించినవాడు లేడు. కాని ఆయన ఒట్టి పరుగువీరుడు కాడు. చెడ్డ బంతులు వదిలిపెట్టి, వూరికే మొదటి బేస్‌కు నడిచిపోయే వోపిక ఆయనకు 2190 సార్లు ఫలించింది. ముందు చేరాడు, తరవాత దొంగిలించాడు.

ఇక్కడ ఇందాకటి పెట్టుబడి లెక్క వస్తుంది. ఒక బేస్ దొంగిలిస్తే జట్టుకు కలిగే లాభం సుమారు రన్నులో అయిదో వంతు అని లెక్కలవాళ్ళు తేల్చారు. పట్టుబడితే మాత్రం నష్టం అంతకు రెట్టింపుకు పైమాటే. ఉన్న 27 ఔట్లలో ఒకటి పోతుంది, బేస్‌మీది మనిషీ పోతాడు. అంచేత పదిసార్లలో ఏడుసార్లయినా గెలవనివాడు జట్టుకు దొంగ కాడు, దోపిడీ! హెండర్సన్ నూటికి ఎనభై సార్లు గెలిచాడు. వాషింగ్టన్ నూటికి అరవైఅయిదు దగ్గరే ఆగిపోయాడు. చూసేవాళ్ళకు ఇద్దరూ మెరుపులే. లెక్కలో ఒకటి లాభం, మరొకటి నష్టం.

అన్నిటికంటె చిక్కు చేతిది. బ్యాటుకు లెక్క మొదటినుంచీ వుంది. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన హెన్రీ చాడ్విక్ అనే పత్రికా రచయిత 19వ శతాబ్దంలో, మన క్రికెట్ పట్టికలనే చూసి, బేస్‌బాల్‌కు లెక్కలు అమర్చాడు. పది అవకాశాల్లో మూడుసార్లు సరిగా కొట్టినవాణ్ణి మంచి బ్యాటరు అంటారు. పత్రికలో ఆ అంకె రోజూ కనిపిస్తుంది. మరి బంతి పట్టేవాడికి? చాలాకాలం ఒక్కటే లెక్క: ఎన్ని తప్పులు చేశాడు అని. ఇందులో మోసం చూడండి. బద్ధకస్తుడు దూరపు బంతి దగ్గరకు చేరనే చేరడు. చేరనివాడికి తప్పెక్కడిది? చురుకైనవాడు పరుగెత్తి వెళ్ళి, వేళ్ళకు తగిలిన బంతి జారవిడిస్తే, వాడి పేరున తప్పు రాస్తారు! తప్పులు తక్కువ చేసినవాడు కాదు, పనులు ఎక్కువ చేసినవాడు గొప్పవాడని చాడ్విక్ ఆనాడే మొత్తుకున్నాడు.

యీ మాట విన్నప్పుడు నాకు కొంచెం సిగ్గువేసింది. పాతికేళ్ళుగా పేపర్లు దిద్దుతున్నాను. తెలిసిన మూడు ప్రశ్నలూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి బయటపడ్డవాడికి నా ఎర్రసిరా దణ్ణం పెట్టింది. కష్టమైన పద్యానికి తన సొంత అర్థం చెప్పబోయి తడబడ్డవాడి కాగితం నిండా గీతలు పెట్టింది.

చేతిని నమ్మినవాళ్ళు ఓజీ స్మిత్ పేరు చెబుతారు. రెండు, మూడు బేస్‌ల నడుమ నిలబడే షార్ట్‌స్టాప్ ఆయన. పందొమ్మిది సీజన్లు ఆడి కొట్టిన హోమ్ రన్లు 28. కొందరు ఒక సీజన్‌లోనే అంతకంటె ఎక్కువ కొడతారు. అయినా 1980నుంచి 1992 దాకా వరసగా పదమూడేళ్ళు, ఉత్తమ ఫీల్డరుకిచ్చే గోల్డ్ గ్లవ్ ఆయనకే వచ్చింది. 2002లో, మొదటి ఓటులోనే, మహామహుల మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది. చేసిన రన్నూ రన్నే, అడ్డుకున్న రన్నూ రన్నే కదా!

ఇక మా ఇంటి తగవు. 2012లో డెట్రాయిట్ ఆటగాడు మిగెల్ కాబ్రెరా సగటులోనూ, హోమ్ రన్లలోనూ, చేయించిన రన్నుల్లోనూ మూడింటా తన లీగులో మొదటివాడుగా నిలిచాడు. సగటు 330, హోమ్ రన్లు 44, చేయించిన రన్నులు 139. దాన్ని ట్రిపుల్ క్రౌన్ అంటారు. 1967 తరవాత మళ్ళీ ఎవరికీ అది దక్కలేదు. అదే యేడు ఏంజెల్స్ జట్టులో మైక్ ట్రౌట్ అనే కుర్రవాడు, ఇరవై నిండి ఇరవైఒకటి వచ్చినవాడు, సగటు 326, హోమ్ రన్లు 30తో వెనకబడ్డాడు. కాని 49 బేస్‌లు దొంగిలించి అయిదుసార్లే పట్టుబడ్డాడు. సెంటర్ ఫీల్డులో, గోడకు పైన ఎగిరి, అవతల పడబోయే హోమ్ రన్ను లాగేసుకునేవాడు. కాబ్రెరా కాళ్ళు నెమ్మది. బేస్‌లు దొంగిలించింది నాలుగే.

బిల్ జేమ్స్ అనే ఆయన, కాన్సాస్ రాష్ట్రంలో డబ్బాల ఆహారం తయారుచేసే కర్మాగారానికి రాత్రి కాపలా కాస్తూ, 1977నుంచి యీ ఆట లెక్కలు కొత్తగా వేసి పుస్తకాలు వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ దారిన పెరిగినవాళ్ళు బ్యాటు, కాలు, చెయ్యి మూడింటినీ రన్నుల్లోకి మార్చి, ఒక మామూలు ఆటగాడికి బదులు యితడుంటే జట్టుకు ఎన్ని గెలుపులు అదనం అని కొలిచారు. 2012లో ట్రౌట్‌కు సుమారు పది, కాబ్రెరాకు సుమారు ఏడు! అయినా ఓటువేసిన 28 మంది విలేకరుల్లో 22 మంది కాబ్రెరాకే మొదటి స్థానం ఇచ్చారు. కాబ్రెరా జట్టు 88 ఆటలు గెలిచి పైపోటీలకు వెళ్ళింది. ట్రౌట్ జట్టు 89 గెలిచి కూడా ఇంటిదారి పట్టింది.

"చూశారా!" అంటాడు బావ. "అందుకే తప్పు!" అంటాడు కొడుకు.

ఆ తగవులో అసలు సంగతి నాకు పదిరోజులకు గాని తెలియలేదు. మావాడు బడి జట్టులో సెంటర్ ఫీల్డులో ఆడతాడు. లేడిపిల్లలా పరుగెత్తుతాడు. బంతి చేతికందితే విడవడు. బ్యాటు పడితే మాత్రం పదింట ఒక్కటి తగలడం గగనం. "కొట్టడం రానివాడికి ఆటెందుకు? వచ్చే యేడు మానిపించి లెక్కల ట్యూషన్‌లో వేస్తాను" అని తండ్రి అనేశాడట. ట్రౌట్ తరఫున వాడు వాదించే వాదమంతా తన తరఫునేనన్నమాట! ఒకరాత్రి నా పక్కలో పడుకుని, "మామయ్యా, కొట్టలేనివాడు నిజంగా పనికిరాడా?" అని అడిగాడు.

వెంటనే జవాబు తోచలేదు. 2024లో షోహెయ్ ఒహ్తానీ చేతికి గ్లవ్ తొడగకుండానే, కేవలం బ్యాటుతోనూ కాళ్ళతోనూ, 54 హోమ్ రన్లు, 59 బేస్‌లు సంపాదించి, ఒక్క ఓటు తేడా లేకుండా ఉత్తమ ఆటగాడైన సంగతి నాకప్పటికే తెలుసు. చేతిని మరిచిపోవడం ఎంత తేలికో!

సీజన్‌లో చివరి ఆటకు అందరం వెళ్ళాం. పక్కింటి ముసలాయన కూడా వచ్చాడు. మావాడు రెండుసార్లు బ్యాటు పట్టి రెండుసార్లూ ఔటయ్యాడు. బావ తల దించుకున్నాడు. అవతలి జట్టులో ఒక కుర్రవాడు బంతికోసం దొర్లి, దుమ్ములో పడి, క్యాచ్ పట్టాడు. ఈలలు, చప్పట్లు! ఆఖరి ఇన్నింగ్స్‌లో అవతలివాళ్ళు ఇద్దరు బేస్‌లమీద వుండగా, అలాంటి బంతే మావాడి వైపు వచ్చింది. నేను చూసేసరికే వాడు అక్కడ నిలబడి వున్నాడు. బంతి వచ్చి గ్లవ్‌లో పడింది. ఆట గెలిచారు. చప్పట్లు మామూలుగానే కొట్టారు.

ముసలాయన బావ భుజం తట్టి అన్నాడు: "ఆ కుర్రవాడు ఆలస్యంగా కదిలాడు, అందుకని దొర్లవలసి వచ్చింది. మీవాడు బ్యాటు చప్పుడుతోనే బయలుదేరాడు, అందుకని తేలికగా కనిపించింది. కష్టం కనిపించకపోవడమే వాడి గొప్ప."

బావ మారుమాటాడలేదు. కారు నడుపుతూ చాలాసేపు వూరుకున్నాడు. రోజూ ఆటనుంచి రాగానే "ఎన్ని కొట్టావురా?" అని అడిగే అలవాటు ఆయనది. ఆ రాత్రి, కంచాల ముందు కూర్చున్నాక, గొంతు సవరించుకుని, "యీ సీజన్‌లో మొత్తం ఎన్ని ఆపావురా?" అన్నాడు.

వాడు తెల్లబోయి, "లెక్కపెట్టలేదు నాన్నా!" అన్నాడు.

"వచ్చే యేడు నేను లెక్కపెడతాను" అన్నాడు బావ. మా చెల్లెలు ఇద్దరికీ మారు వడ్డించింది.