బిడ్డలను మింగిన తండ్రి

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 14:8–18, ఆదికాండము 2:19–20



కొన్నాళ్ల క్రితం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ముందు మన సంఘపు యౌవనస్థుడొకడు కలిశాడు. అశోక్‌నగర్‌లో గది తీసుకొని గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నాడు. టీ తాగుతూ, "అయ్యగారూ, లుస్త్రవాళ్లు బర్నబాను ద్యుపతి అన్నారు కదా. ఎవరండీ ఈ ద్యుపతి?" అని అడిగాడు.

గ్రీకు మూలములో అక్కడున్న పేరు జ్యూస్. సంస్కృతములో ద్యౌః అంటే ఆకాశము. జ్యూస్, రోమీయుల జూపిటర్, వేదములోని ద్యౌష్పితృ, ఈ పేర్లన్నీ ఒకే ధాతువునుండి వచ్చినవని భాషాపండితులు చెబుతారు. మన తెలుగు బైబిలులోని మాట అలా చక్కగా కుదిరింది.

"మరి ఆయనేనా వాళ్ల సృష్టికర్త?" అన్నాడు. కాదు. గ్రీకుల కథలో జ్యూస్ మూడవ తరమువాడు, యుద్ధము చేసి రాజ్యము గెలుచుకున్నవాడు.

క్రీ.పూ. 700 ప్రాంతములో హెసియోద్ అనే కవి దేవతల పుట్టుకను గూర్చి 'థియోగనీ' అనే కావ్యము చెప్పాడు. అందులో మొట్టమొదట కలిగినది ఖాయోస్, అనగా నోరు తెరచిన అగాధము. తరువాత భూమియైన గాయా కలిగింది. గాయా తనంతట తానే ఆకాశమైన ఔరనోస్‌ను కన్నది. వారిద్దరికీ పుట్టిన బిడ్డలను ఔరనోస్ ద్వేషించి, వెలుగు చూడనీయక, తిరిగి భూగర్భములోనికే నెట్టాడు. వారిలో క్రోనోస్ కొడవలి పట్టి తండ్రిని గాయపరచి గద్దె దించాడు. నీ కొడుకే నిన్ను జయిస్తాడని విన్న క్రోనోస్, పుట్టిన బిడ్డను పుట్టినట్టే మింగాడు. ఐదుగురు అలా పోయారు. ఆరవవాడైన జ్యూస్‌ను తల్లి రేయా క్రేతులో దాచి, పొత్తిగుడ్డలలో రాయి చుట్టి ఇచ్చింది. క్రోనోస్ చూడకుండానే దానిని మింగాడు. జ్యూస్ పెరిగి తండ్రిని జయించాడు. అతనికీ అదే భయము! తనను మించే కొడుకు పుడతాడని విని, గర్భవతియైన భార్య మేతిస్‌ను మింగాడు.

ఆ యౌవనస్థుడు నవ్వాడు. నేనూ నవ్వాను. నారాయణగూడ వైపు నడిచి వస్తుండగా నా నవ్వు ఆగిపోయింది.

ఇంటర్ ముగించిన మా అబ్బాయి బొమ్మలు గీసే చదువు చదువుతానన్నాడు. సెమినరీకే వెళ్లాలని నేను పట్టుబట్టాను. దేవుని చిత్తము అన్నాను గాని, అది నా చిత్తమే. రెండు వారాలు వాడితో సరిగా మాట్లాడలేదు. మింగుతున్నది రాయో బిడ్డో క్రోనోస్ చూడలేదు. నేనూ నా బిడ్డను చూడలేదు.

శ్రోతలారా, ఆదికాండములో దేవునికి ముందు ఏ తరమూ లేదు. ఆయన ఎవరినీ ఓడించి సింహాసనమెక్కలేదు. పోగొట్టుకుంటానన్న భయము లేదు గనుక ఇవ్వగలిగాడు. జంతువులను ఆదాము దగ్గరకు తెచ్చి, ఏ పేరు పెడతాడో చూచాడు. ఆదాము పెట్టినదే వాటికి పేరైంది. సర్వమెరిగిన తండ్రి ఒక మనుష్యుని మాట కోసం కనిపెట్టుకొని ఉన్నాడు!

గ్రీకులను ఎగతాళి చేయడానికి ఇది చెప్పడము లేదు. ఏథెన్సులో పౌలు వారి కవి మాటనే ఎత్తి చూపాడు (17:28). అది కిలికియవాడైన అరాతు కావ్యములోనిది, అక్కడ ద్యుపతిని గూర్చి చెప్పినది. వారి కథలోని భయము నిజమైనదే. అది మన ఇండ్లలో ఉన్నది, సంఘములోనూ ఉన్నది. కమిటీ పదవి ఏళ్ల తరబడి వదలని పెద్దలము, యౌవనస్థులకు కుర్చీలు సర్దే పని తప్ప మరేమి అప్పగించాము?

ఆ రాత్రి మా అబ్బాయి గదిలోకి వెళ్లి, "నీ బొమ్మలు చూపించు నాన్నా" అన్నాను. వాడు నన్ను అనుమానంగా చూచి, మెల్లగా పుస్తకము తెరిచాడు. ఏ కాలేజీ అన్నది ఇంకా తేలలేదు. మాటలు మాత్రం మొదలయ్యాయి.

ఈ వారము మీ బిడ్డను పిలిచి, ఒక్క గంట ఏమీ చెప్పక వినండి. బిడ్డల ఎదుగుదలను చూచి సంతోషించు మనస్సు దేవుడు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.