అరుగుమీది గ్రామఫోను

సికింద్రాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజమార్గముపై శామీర్‌పేట కలదు. ఊరి ప్రక్కన విశాలమైన చెఱువు, కట్టమీద మైసమ్మ గుడి, చుట్టును రాతిగుట్టలు కన్నుల కింపుగా నుండును. నేడీ ప్రాంతము నగరముతో కలిసిపోవుచున్నది. న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము, పరిశోధనాలయములు, ఎత్తైన భవనములు వెలసినవి. కాని డెబ్బదియేండ్ల క్రిందట ఇట్టి గ్రామములలో విద్యుద్దీపమే అరుదు. అప్పుడు పాట వినవలెనన్న పాడువాడు ఎదుట నుండవలెను. లేదా గ్రామఫోను ఉండవలెను. ఆ పెట్టె ఊరికి ఒకటి రెండు ఇండ్లలో మాత్రమే ఉండెడిది.

ఆ పెట్టెను యజమాని తానొక్కడే విని మూసిపెట్టుట సాగెడిది కాదు. ప్రొద్దు క్రుంకువేళ దానిని అరుగుమీదికి తెచ్చి, ప్రక్కనున్న పిడిని త్రిప్పి, రికార్డు నమర్చి, సూదిని మెల్లగా దింపునప్పటికే వాకిలి నిండిపోయెడిది. పొలమునుండి వచ్చువారు భుజముమీది నాగలి దించి నిలుచుండెడివారు. పాట ముగియగానే "ఇంకొక్కసారి పెట్టు పటేలా!" అను మాట వినవచ్చెడిది. నాటకశాలలో నటునిచే పద్యమును మరల పాడించుటకు "వన్స్‌మోర్" అని కేకలు వేయుట తెలుగువారికి పాత అలవాటు. నటుడు అలసిపోవును గాని రికార్డు అలసిపోదని వారి నమ్మకము. అది పూర్తిగా నిజము కాదు. ఏల కాదో తెలియవలెనన్న ఆ పెట్టె పనిచేయు విధమును గ్రహింపవలెను.

ధ్వని యనగా గాలియందలి కంపనము. ఆ కంపనమును ఒక వస్తువుపై గీతగా నిలిపి, ఆ గీతవెంట మరల సూదిని నడిపినచో, పూర్వపు కంపనమే తిరిగి పుట్టును. 1877లో అమెరికా దేశీయుడగు ఎడిసన్ తగరపు రేకు చుట్టిన స్తంభముపై ఈ వింతను సాధించెను. పదియేండ్లకు, 1887లో, బెర్లినర్ అను నాతడు స్తంభమునకు బదులు బల్లపరుపు పళ్ళెమును వాడు పద్ధతిని కనిపెట్టెను. స్తంభమునకు నకళ్ళు తీయుట కష్టము. పళ్ళెమునకు అచ్చు తయారుచేసినచో, ముద్ర నొత్తినట్లు వేలకొలది నకళ్ళు తీయవచ్చును. ఒకచోట పాడిన పాట వేయి యిండ్లకు చేరుటకు ఈ చిన్న మార్పే కారణము.

రికార్డుపై ఎన్నో వలయములున్నట్లు పైకి తోచును. నిజమునకు ఒక్కొక్క వైపున ఉన్నది ఒకే గాడి. అది అంచునుండి బయలుదేరి, చుట్టలు చుట్టుకొనుచు నడిమికి చేరును. పది అంగుళముల పాత రికార్డు నిమిషమునకు 78 సార్లు తిరిగి సుమారు మూడు నిమిషములు పాడును. ఆ గాడిని విప్పి నేలపై పఱచినచో నూఱు మీటర్లకు మించును. గాడి గోడలలోని వంకరలనుబట్టి సూది అదురును. సూది అదురుటచే దానికి తగిలించిన పలుచని రేకు అదురును. ఆ రేకు కదలించిన గాలి కొమ్ముగుండ పెద్దదై వినిపించును. పళ్ళెమును త్రిప్పునది పిడితో బిగించిన ఉక్కుచుట్ట. ఇందు విద్యుత్తు పని లేదు. దీపములేని పల్లెలోనికి పాట ముందుగా వచ్చుటకు కారణ మిదియే.

ఆ పళ్ళెము దేనితో చేయబడినదో విన్నచో ఆశ్చర్యము కలుగును. మోదుగు, రేగు మొదలగు చెట్లను ఆశ్రయించు పురుగులు స్రవించు లక్కయే దానికి ముఖ్యమైన బంధకము. చార్మినారు చెంత లాడ్‌బజారులో గాజులు చేయుటకు వాడునదియు లక్కయే! దానికి మెత్తని రాతిపొడి, నల్లరంగు, కొంత నూలుపీచు చేర్చి, వేడిచేసి, అచ్చులో నొత్తెడివారు. అందువలననే పాత రికార్డు చేయిజాఱినచో పెంకువలె పగులును. రాతిపొడి యున్నందున ఉక్కుసూది మొదటి చుట్లలోనే అఱిగి గాడి ఆకారమును పొందును. ఒకసారి అఱిగిన సూదికి వాడి అంచులేర్పడును. దానినే మరల వాడినచో అది గాడి గోడలను చెక్కివేయును. కావున రికార్డు త్రిప్పినప్పుడెల్ల సూది మార్చవలెనని నియమము. సూదులు చిన్న రేకుడబ్బీలలో అమ్మెడివారు. అవి పట్టణమునుండి రావలెను గనుక, పల్లెలలో ఒక్క సూదియే పది పాటలను లాగుట కద్దు.

ఇక్కడనే చిక్కున్నది. పదిమందికి వినిపించిన రికార్డు త్వరగా చెడును. భోషాణములో దాచిన రికార్డు చెడదు. కాని దానిని విన్నవారు లేరు. లోభి యింటి రికార్డు క్రొత్తదివలె మిగిలినది. దాత యింటి రికార్డు గరగర మన్నది. నేడు పాత రికార్డులను కొనువారు మొదటిదానికే ఎక్కువ వెల యిత్తురు. రెండవదాని చుట్టును ఎందఱు కూర్చుండిరో ఆ గరగరయే చెప్పుచున్నది గాని, దానికి వెలకట్టువారు లేరు.

భారతదేశమున రికార్డుల చరిత్ర 1902 నవంబరులో కలకత్తాలో మొదలయ్యెను. గ్రామఫోను కంపెనీ పంపిన గైస్‌బర్గు గౌహర్‌జాన్ అను గాయని పాటలను రికార్డు చేసెను. అచ్చు వేయుట జర్మనీలోని హానోవరులో జరుగవలెను. ఎవరి పాట యేదో అక్కడివారు గుర్తించుటకై ఆమె పాట చివర తన పేరు తానే చెప్పెడిది. తరువాత 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసెను. 1928లో డమ్‌డమ్‌లో మఱియొకటి పెద్దది వచ్చెను. కొమ్ము ముందర చెవియొగ్గి కూర్చున్న కుక్క బొమ్మను ముద్రగా గల రికార్డును మనవారు "కుక్కబొమ్మ ప్లేటు" అనిరి.

తెలుగువారికి ప్లేట్లపై మోజు కలుగుటకు పద్యనాటకములు చాలవఱకు కారణము. రంగస్థలమున రాగము తీయుచు పద్యమును పదినిమిషములు పాడు నటుడు, రికార్డు కొఱకు మూడు నిమిషములలో ముగింపవలసివచ్చెను. ఈ నిర్బంధము కొందఱికి మేలే చేసినదని చెప్పవచ్చును. హరిశ్చంద్ర పాత్రధారి డి.వి. సుబ్బారావు పాడిన కాటిసీను పద్యములు నాటకము చూడనివారికి కూడ చిరపరిచితములు. రావు బాలసరస్వతీదేవి ఆఱేండ్ల ప్రాయముననే రికార్డునకు పాడెను. జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపము ఘంటసాల కంఠమున రికార్డైన పిదప, అక్షరము రానివారును ఆ పద్యములను వల్లించిరి. పుస్తకము చదువుటకు చదువు కావలెను. రికార్డు వినుటకు పొరుగువాని మంచితనము చాలును.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషమునకు ముప్పదిమూడున్నర పర్యాయములకు కొంచెము తక్కువగా తిరుగు క్రొత్త రికార్డును వెలువరించెను. ఇది లక్కది కాదు. వినైల్ అను ప్లాస్టిక్కుది. సన్నని గాడి గల ఈ రికార్డు ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పాడును. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానము చేసిన వేంకటేశ్వర సుప్రభాతము, 1974లో ఘంటసాల భగవద్గీత ఇట్టి రికార్డులుగనే వచ్చినవి. అయినను మన దేశమున 78 వేగపు రికార్డులు వెంటనే పోలేదు. పిడి త్రిప్పు పెట్టెలు పల్లెలలో ఇంకను ఉండుటచే, ఇంగ్లండులోని బీటిల్సు బృందము పాటలు కూడ ఇక్కడ ఆ పాత రూపమున అచ్చయినవి!

విద్యుత్తు, దానితో మైకుసెట్టు వచ్చిన తరువాత అరుగు ముచ్చట మారిపోయెను. పెండ్లిపందిటను, బోనాల పండుగనాడును కొమ్ములు చెట్టున కట్టి, ఒక రికార్డును నాలుగూళ్ళకు వినిపించిరి. ఇదియు పంచుటయే అనువారు కలరు. కాని అరుగు చుట్టును చేరినవాడు వినగోరి వచ్చినవాడు. చెట్టుమీది కొమ్ము నిద్రించువానిని కూడ విడువదు.

క్యాసెట్లు వచ్చిన పిదప రికార్డులు అటకలెక్కెను. అందు కొన్ని హైదరాబాదులో గురువారమునాడు సాగు జుమ్మెరాత్ బజారుకు చేరినవి. ఇంట పాత రికార్డులున్నవారు కొన్ని సంగతులెఱుగవలెను. రికార్డును అంచులతోనే పట్టుకొనవలెను. ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నుంచవలెను. లక్క రికార్డును స్పిరిటుతో తుడువరాదు. స్పిరిటులో లక్క కరగును. వినైల్ రికార్డును పిడి త్రిప్పు పెట్టెపై నెన్నడును ఉంచరాదు. ఆ పెట్టె సూదిపై పడు బరువు నూఱు గ్రాములకు మించును. నేటి యంత్రముల సూది మోయు బరువు రెండు గ్రాములే.

సూదికిని గాడికిని గల పాత వైరమును కంప్యూటరు కొంత తీర్చినది. అరుదైన రికార్డును మంచి సూదితో ఒక్కసారి వినిపించి భద్రపఱచినచో, తరువాత ఎందఱు విన్నను గాడి అఱుగదు. 1990లో ముంబయిలో ఏర్పడిన భారతీయ రికార్డు సేకర్తల సంఘమువంటివి ఇట్టి కృషికి తోడ్పడినవి. అయితే పాటను మాత్రము పంపి, లేబులుపై గల గాయకుని పేరును, సంఖ్యను విడుచుట పెద్ద లోపము. పేరులేని పాట త్వరలో ఎవరిదియు కాకపోవును. చట్టమును కూడ గమనింపవలెను. మన దేశమున రికార్డుపై కంపెనీ హక్కు ప్రచురణానంతరము 60 సంవత్సరములుండును. 1950లో వెలువడినదానిపై అది 2010తో తీరినది. పాట వ్రాసిన కవి హక్కు వేఱు. అది ఆయన మరణించిన పిదపను 60 సంవత్సరములు నిలుచును.

బజారున దొరకు ప్లేట్ల లేబుళ్ళపై ఒక్కొక్కప్పుడు సిరాతో వ్రాసిన పేరును, ఊరును కనబడును. ఎరువిచ్చినప్పుడు మరల తన యింటికే రావలెనని యజమాని పెట్టుకొన్న గుర్తది. ఒకే కట్టలో మూడు నాలుగు పేర్ల రికార్డులుండుట కలదు. తీసికొనిపోయినవారు వాటిని తిరిగి యీయలేదన్నమాట.