గొడుగు కింద చూడండి

పిల్లలూ, తొలకరి వానలు పడగానే పెరటిలోనూ, పేడకుప్పల మీదా, కుళ్లిన మొద్దుల మీదా రాత్రికి రాత్రే గొడుగులు లేచి నిలబడటం మీరు చూసే ఉంటారు. వాటిలో తినేదాన్ని పుట్టగొడుగు అనీ, తినరానిదాన్ని కుక్కగొడుగు అనీ మనవాళ్లు పేర్లు పెట్టారు. పేర్లు రెండే గాని గొడుగులు వేల రకాలు. ఏది ఏ పేరు కిందికి వస్తుందో చెప్పటం ఎంత కష్టమో, ముప్ఫై అయిదేళ్లు బడిలో సామాన్యశాస్త్రం చెప్పిన నాకు అరవై అయిదో ఏట తెలిసివచ్చింది. ఆ కథే మీకు చెబుతాను.

మా అమ్మాయి స్వీడన్ దేశంలో గోథెన్‌బర్గ్ నగరం శివార్లలో ఉంటున్నది. నిరుడు ఆగస్టులో నేను అక్కడికి వెళ్లాను. వాళ్ల పక్కింట్లో డెబ్బై దాటిన పెద్దావిడ ఒకామె ఉన్నది. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది. ఒకనాటి ఉదయం ఆవిడ చేతిలో ఒక బుట్ట, ఒక చిన్న చాకు పట్టుకొని వచ్చి, "అడవికి వస్తారా?" అని అడిగింది. తొమ్మిదేళ్ల మా మనవడు నాకంటె ముందే చెప్పులు వేసుకున్నాడు.

ఆ దేశంలో ఒక మంచి ఆచారం ఉన్నది. అడవి ఎవరిదైనా సరే, దానిలో నడవటానికీ, పండ్లూ పుట్టగొడుగులూ ఏరుకోవటానికీ అందరికీ హక్కు ఉంటుంది. ఇళ్ల ఆవరణలలోకి పోకూడదు, చెట్లకు హాని చేయకూడదు, అంతే. అందుచేత వేసవి చివర ఆదివారం వచ్చిందంటే ముసలీ ముతకా, పిల్లా మేకా అడవిలోనే ఉంటారు. వాళ్లు అన్నిటికంటె ఎక్కువగా వెదికేది షాంటరెల్ అనే పుట్టగొడుగును. స్వీడన్‌వారు దాన్ని అడవి బంగారం అంటారు. రష్యావారు దాన్ని "లిసిచ్కా" అంటారు. అంటే చిన్న నక్క అన్నమాట. నక్కకూ పుట్టగొడుగుకూ సంబంధమేమిటని నవ్వకండి. ఆ దేశపు నక్క ఒంటి రంగు పసుపూ ఎరుపూ కలిసినట్టుగా ఉంటుంది మరి!

షాంటరెల్ గుడ్డులోని పచ్చసొన రంగులో ఉంటుంది. చిన్నప్పుడు గుండ్రంగా బొత్తాములాగా ఉండి, పెరిగినకొద్దీ నడుమ గుంటపడి, అంచులు వంకరటింకరగా పైకి లేచి, చివరకు గరాటులాగా అవుతుంది. గ్రీకు భాషలో "కాంథరోస్" అంటే పానపాత్ర. దాని నుంచే యీ పేరు వచ్చింది. మొక్కలకూ జంతువులకూ శాస్త్రీయంగా పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ స్వీడన్‌వాడే. పుట్టగొడుగులకు అలాంటి ఉపకారమే చేసిన ఎలియాస్ ఫ్రీస్ కూడా స్వీడన్‌వాడే. 1821లో ఫ్రీస్ దీనికి ఖాయపరచిన పేరు కాంథరెల్లస్ సిబేరియస్. సిబేరియస్ అంటే లాటిన్ భాషలో ఆహారానికి సంబంధించినది.

మేము వెళ్లిన అడవి అంతా స్ప్రూస్ అనే సూది ఆకుల చెట్లతో, తెల్లని బెరడు గల బర్చ్ చెట్లతో నిండి ఉన్నది. నేలంతా ఆకుపచ్చని నాచు, పరుపు పరిచినట్టు. కాలు వేస్తే మడమ దాకా దిగబడుతుంది. షాంటరెల్ యీ చెట్లను విడిచి బ్రతకలేదు. నేల లోపల దాని సన్నని దారాలు చెట్టు వేళ్ల చివరలను అల్లుకొని ఉంటవి. అవి మట్టిలోని నీటినీ లవణాలనూ చెట్టుకు అందిస్తవి. దానికి బదులుగా చెట్టు, ఆకులలో తయారైన చక్కెరను వాటికి ఇస్తుంది. పైకి మనకు కనిపించే గొడుగు ఆ దారాలకు కాసిన కాయవంటిది. ఇందువల్లనే దీన్ని, మనం బజారులో కొనే తెల్ల పుట్టగొడుగుల్లాగా కొట్టాలలో ఎరువు వేసి పెంచటం కుదరదు. అమ్మకానికి వచ్చే షాంటరెల్‌లు దాదాపు అన్నీ ఎవరో ఒకరు నడుము వంచి అడవిలో ఏరినవే. ఒకసారి కాసిన చోట మరుసటి ఏడు కూడా కాస్తవి గనుక, ఎవరి చోటును వాళ్లు రహస్యంగా దాచుకుంటారు. ఆవిడ తన చోటు కూతురికి కూడా చెప్పలేదట! మాకెందుకు చూపించిందంటే, మేము తిరిగి దారి కనుక్కోలేమని గట్టి నమ్మకం.

మొదటిది దొరకగానే ఆవిడ దాన్ని నా చేతిలో పెట్టి, "రంగు చూడకండి. కింద చూడండి," అన్నది.

మీరు బజారులో దొరికే పుట్టగొడుగును, బాగా విచ్చినదాన్ని, తిరగవేసి చూశారా? గొడుగు కింద పుస్తకం కాగితాల్లాగా పలుచని పొరలు వరుసగా ఉంటవి. వేలితో మీటితే విడివిడిగా కదులుతవి. సులువుగా ఊడివస్తవి కూడాను. షాంటరెల్ కింద ఇలాంటి కాగితాలు లేవు. వాటి బదులు మొద్దుబారిన మడతలు ఉన్నవి. కొవ్వొత్తి కరిగి ధారలుగా కారి గడ్డకడితే ఎలా ఉంటుందో అలా ఉన్నవి. అవి గొడుగు అంచు నుంచి బయలుదేరి, దారిలో చీలి, మళ్లీ చీలి, ఒకదానితో ఒకటి కలుసుకుంటూ కాడ మీదికి జారిపోతవి. గొడుగు ఎక్కడ అయిపోయిందో, కాడ ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేము. గోటితో గీరినా మడత విడిగా ఊడిరాదు. ఎందుకంటే అది అతికించినది కాదు, ఆ కండలోనే ఉన్న ముడత.

తరువాత ఆవిడ దాన్ని నిలువునా చీల్చింది. ఉడికిన కోడిమాంసం పీచులు పీచులుగా వస్తుందే, అలా వచ్చింది. పైన పసుపు, లోపల దాదాపు తెలుపు. కాడ లోపల బోలుగా లేదు. ముక్కు దగ్గర పెట్టుకోమన్నది. హైదరాబాదు విందులలో ఖుబానీతో మిఠాయి చేస్తారు, తిన్నవాళ్లుంటే మీకు తెలుస్తుంది. అచ్చంగా ఆ పండు వాసనే! నేను కళ్లు మూసుకొని, వాన తడిసిన ఆ పరాయి అడవిలో, మా మేనల్లుడి పెండ్లి భోజనం తలచుకున్నాను.

ఇక అది మొలిచిన చోటు. షాంటరెల్ నేలలో నుంచి మొలుస్తుంది. ఒకటీ అరా, లేదా చెదురుగా నాలుగైదు. మొద్దు మీద గుత్తులు గుత్తులుగా మొలిస్తే అది షాంటరెల్ కాదు. దక్షిణ ఐరోపాలోనూ అమెరికాలోనూ అదే రంగులో, మొద్దుల మీద గుంపులుగా మొలిచే విషపు గొడుగులు ఉన్నవి. చిమ్మచీకటిలో వాటి అడుగు పొరలు సన్నగా వెలుగుతవి కూడా. చూడటానికి వింతగానే ఉంటుంది గాని, తింటే వాంతులతో ప్రాణం కడబడుతుంది. స్వీడన్ అడవిలోనే దొంగ షాంటరెల్ అని ఒకటి ఉన్నది. దానికి కింద నిజమైన పలుచని కాగితాలుంటవి. చీల్చి చూస్తే లోపల కూడా నారింజ రంగే.

ఇదంతా విని, అర్థమైనదన్నట్టు తల ఊపి, నేను ఏరటం మొదలుపెట్టాను. మొదటి పది గొడుగులను తిరగవేసి చూశాను. ఇరవై అయిన తరువాత, ఇంకేముంది, మనకు వచ్చేసిందిలే అనుకున్నాను. వాన చినుకులు మొదలైనవి. తొందరలో రంగు చూసి తుంచి బుట్టలో వేశాను.

ఇంటికి రాగానే ఆవిడ బల్ల మీద వార్తాపత్రిక పరచి బుట్టను దానిమీద బోర్లించింది. "ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ మళ్లీ చూడాలి," అన్నది. నేను మనస్సులో విసుక్కున్నానని ఒప్పుకుంటాను. మా మనవడు మాత్రం బడిలో హాజరు పిలిచినట్టుగా ఒక్కొక్కటే ఎత్తి, తిరగవేసి, పక్కన పెడుతున్నాడు. నలభయ్యో యాభయ్యో అయిన తరువాత ఆగిపోయాడు.

"తాతయ్యా, దీనికి కాగితాలున్నయి."

ఆవిడ దాన్ని వాడి చేతిలో నుంచి తీసుకొని కిటికీ దగ్గరకు వెళ్లింది. ముఖం మారిపోయింది. గొడుగు నారింజ, గోధుమ రంగులు కలిసినట్టు ఉన్నది. నడుమ గుంట లేదు సరికదా, చిన్న మొనలాగా పైకి లేచి ఉన్నది. కింద తుప్పు రంగు పొరలు. దాన్ని బుట్టలో వేసింది వాడు కాదు. నేనే.

దాని పేరు కార్టినేరియస్ రుబెల్లస్. లేతగా ఉన్నప్పుడు దాని గొడుగు అంచుకూ కాడకూ మధ్య సాలెగూడువంటి సన్నని తెర ఉంటుంది. షాంటరెల్ పెరిగే నాచులోనే, అదే చెట్ల కింద, అదే నెలలలో ఇదీ పెరుగుతుంది. దీనిలో ఒరెల్లనైన్ అనే విషం ఉన్నది. అది వండినా పోదు, ఎండబెట్టినా పోదు. అన్నిటికంటె భయంకరమైన సంగతి ఏమంటే, తిన్న రోజున సాధారణంగా ఏమీ కాదు. మరునాడూ ఏమీ కాకపోవచ్చు. రెండు మూడు రోజులకు, ఒక్కొక్కప్పుడు రెండు వారాలకు గాని బాధ మొదలుకాదు. విపరీతమైన దాహం, నడుము నొప్పి వస్తవి. అప్పటికి మూత్రపిండాలు చెడిపోయి ఉంటవి. తిన్న గొడుగుల సంగతి రోగికి గుర్తుకూడా ఉండకపోవచ్చు.

యీ జాతి గొడుగులు ఇంత విషమని లోకానికి చాలాకాలం తెలియదు. 1952లో పోలండులో 102 మంది దీని దగ్గరి చుట్టాన్ని తిని జబ్బుపడ్డారు. వారిలో 11 మంది చనిపోయారు. గ్రిమావా అనే పోలిష్ వైద్యుడు ఏండ్లపాటు పరిశోధించి, అసలు కారణం గొడుగేనని తేల్చాడు. మొన్నమొన్న, 2008లో, నికొలాస్ ఎవాన్స్ అనే పేరుపొందిన ఇంగ్లీషు నవలాకారుడు స్కాట్లండు అడవిలో ఏరిన గొడుగులను వండుకొని తిన్నాడు. ఆయనా, ఆయన భార్యా, బంధువులూ ఆసుపత్రి పాలయ్యారు. ఆయన మూత్రపిండాలు పనిచేయటం మానేసినవి. 2011లో సొంత కూతురు తన మూత్రపిండాన్ని ఇచ్చి తండ్రిని బతికించుకున్నది. ఆయనేమీ చదువురాని మనిషి కాదు. నేనూ చదువురాని మనిషిని కాను.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ గొడుగును పారవేసింది. బుట్ట అడుగున విరిగిన తునకలలో ఏది దేనిదో తెలియదు గనుక వాటినన్నిటినీ పారవేసింది. బల్ల మీద పరిచిన కాగితాన్ని మార్చింది. మిగిలినవాటిని మొదటి నుంచీ మళ్లీ చూడమన్నది. ఈసారి నేను కళ్లజోడు పెట్టుకున్నాను.

ఇక్కడ పెద్దలతో ఒక మాట. మా చిన్నతనంలో ఊళ్లో కొందరు, గొడుగులు ఉడికేటప్పుడు వెండి ఉంగరం వేస్తే, విషమైనదైతే అది నల్లబడుతుందని చెప్పేవారు. చీమలో నత్తలో కొరికినది మంచిదని కొందరు, బాగా ఉడికిస్తే ఏ విషమైనా విరిగిపోతుందని కొందరు అనేవారు. ఇవన్నీ తప్పు. మనిషిని చంపే గొడుగును నత్త హాయిగా తిని పోతుంది. 2022 ఏప్రిల్‌లో మన అస్సాంలో అడవి గొడుగులు తిని 13 మంది చనిపోయారు. వారిలో పిల్లలున్నారు.

షాంటరెల్ గుర్తులు షాంటరెల్‌కే గాని, లోకంలోని గొడుగులన్నిటికీ కావు. ఇది కూడా చెప్పాలి. మనవైపు చెదపుట్టల మీద మొలిచే అసలైన పుట్టగొడుగునే తీసుకోండి. దాని కింద తెల్లని కాగితాలు స్పష్టంగా ఉంటవి. అయినా అది తినేదే. ఆ పుట్టలోని చెదపురుగులే దాన్ని లోపల తోటలాగా పెంచుతవి. దాని కాడ వేరులాగా సాగి, లోపలి చెదల తోట దాకా పోతుంది. మా నాయనమ్మ దాన్ని ఎప్పుడూ తుంచేది కాదు. మట్టి తవ్వి, ఆ పొడవాటి వేరు కనిపిస్తే గాని బుట్టలో వేసేది కాదు. ఆమెకు బడి లేదు గాని, గుర్తు పట్టటం తెలుసు. అయితే ఆమె స్వీడన్ అడవికి వచ్చి ఉంటే? అక్కడ ఆమె తెలివి పనికిరాదు. ఆసియా దేశాల నుంచి కాలిఫోర్నియాకు పోయినవారు కొందరు, తమ ఊళ్లో తినే వరిగడ్డి పుట్టగొడుగే అనుకొని అక్కడి విషపు గొడుగును వండుకొని ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు. పిల్లలు విదేశాలలో ఉన్న తల్లిదండ్రులు వారికి యీ సంగతి రాయటం మంచిది.

ఆ రాత్రి ఆవిడ షాంటరెల్‌లను ముందు ఏమీ వేయకుండా మూకుడులో వేడిచేసింది. వాటిలోని నీరంతా ఊరి, ఇగిరిపోయిన తరువాత వెన్నా ఉప్పూ వేసి, కాల్చిన రొట్టె మీద పెట్టి ఇచ్చింది. కాస్త మిరియం ఘాటు, కాస్త తీపి. మా అమ్మాయి మిగిలినవాటిని ఉల్లిపాయలతో వేపుడు చేసింది. అదే ఎక్కువ బాగుందని నేనంటే పక్షపాతం అంటారు.

మీరు అడవికి పోయి గొడుగులు ఏరవద్దు. దగ్గరుండి చూపే, తెలిసిన పెద్దవారు లేకుండా దేన్నీ నోట్లో పెట్టుకోవద్దు. ఇంట్లో ఒక పని చేయవచ్చు. బజారులో పుట్టగొడుగులు కొన్నప్పుడు, బాగా విచ్చి కింద గోధుమ రంగు పొరలు కనిపించేదాన్ని ఒకటి అడిగి తీసుకోండి. కాడ విరిచివేసి, గొడుగును తెల్ల కాగితం మీద పొరలు కిందికి ఉండేటట్టు పెట్టి, పైన గాజుగ్లాసు బోర్లించండి. ఆ రాత్రి కదిలించవద్దు. తెల్లవారి మెల్లగా ఎత్తితే, చక్రం ఆకుల్లాగా ముదురు గోధుమ రంగు బొమ్మ కాగితం మీద పడి ఉంటుంది. ఆ పొడి దాని సిద్ధబీజాలు. షాంటరెల్ అయితే ఆ పొడి లేత పసుపులో పడుతుంది. నేను బుట్టలో వేసిన ఆ రెండవదానిది తుప్పు రంగు. ప్రయోగం కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి. రాత్రంతా బయట ఉన్న ఆ గొడుగును కూరలో వేయమని అమ్మకు ఇవ్వవద్దు.