అడుగడుగూ లెక్కే!

పడక, వంట, స్నానం... అన్నీ వంద చదరపు అడుగుల్లో అమరాలి. ఆర్కిటెక్చర్ విద్యార్థులకు బుల్లి ఇల్లు పెద్ద పరీక్షే. అందులోనూ బెల్లంపల్లి లాంటి ఎండల ఊళ్లో అయితే..!

మురుగునీటి కోసం వేసే కాంక్రీటు గొట్టంలో కాపురం చేయొచ్చంటే ఎవరైనా నవ్వుతారు. కరీంనగర్ పక్కనున్న బొమ్మకల్‌కు చెందిన పేరాల మానసారెడ్డి 2021లో ఆ పనే చేసి చూపించింది. సివిల్ ఇంజినీరింగ్ చదివిన ఆమెకు హాంకాంగ్ ఆర్కిటెక్ట్ జేమ్స్ లా రూపొందించిన ‘ఓపాడ్’ గొట్టపు ఇళ్లు స్ఫూర్తి. పదహారడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తున్న గొట్టంలోనే మంచం, వంటగట్టు, బాత్రూమ్ అమర్చింది. ఇద్దరు ఉండటానికి సరిపోయే ఆ ఇంటి వార్త దేశమంతా తిరిగింది.

తమిళనాడులోని నామక్కల్‌కు చెందిన అరుణ్ ప్రభుది మరో దారి. చెన్నైలో ఆర్కిటెక్చర్ చదివిన ఈ కుర్రాడు ఏకంగా మూడు చక్రాల బండి మీదే ఇల్లు కట్టాడు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు... అంటే 36 చదరపు అడుగులే! పైన సోలార్ పలకలు, నీళ్ల ట్యాంకు కూడా ఉన్నాయి. 2021లో ఆనంద్ మహీంద్రా దాన్ని మెచ్చుకోవడంతో ఊరూరా తెలిసింది.

ముగ్గుతో మొదలు

పెద్ద ఇంటి ప్లాన్‌ను కుదించేస్తే బుల్లి ఇల్లు అయిపోతుందనుకుంటే పొరపాటే. మంచానికి ఆరుంపావు అడుగుల పొడవు కావాలి, దాన్ని తగ్గించలేం. వంగి కూర అడుగున చూడటానికి, తలుపు తెరవడానికి, బట్టలు మార్చుకోవడానికి ఎంత చోటు కావాలో టేపుతో కొలవాల్సిందే. కాగితం మీద బాగున్నది కాలికి తగలొచ్చు. అందుకే ప్లాన్‌ను వాకిట్లో ముగ్గుతో అసలు కొలతల్లో గీసి, అందులో నడిచి చూడటం మంచి పద్ధతి.

గొట్టమే తీసుకోండి. ఏడడుగుల వ్యాసమున్న గొట్టంలో అడుగు ఎత్తున నేల పరిస్తే, ఆ నేల వెడల్పు ఐదడుగులకు మించదు. నిలబడటానికి మిగిలేది నడుమ ఆరడుగులు, అంచుల్లో ఇంకా తక్కువ. మంచం కింద పెట్టెలు, గోడకు మడిచే బల్ల తప్పవు. మన పాతిళ్లలోని అటకలు, గోడ గూళ్లు ఈ విద్య ఎప్పుడో నేర్పాయి!

చండీగఢ్‌కు రూపమిచ్చిన లె కార్బూజియే కూడా 1952లో ఫ్రాన్స్ సముద్రతీరాన తనకోసం ఓ చెక్క గది కట్టుకున్నాడు. పొడవు, వెడల్పు 3.66 మీటర్లే... అంటే పన్నెండడుగులు. అందులో వంటిల్లు లేదు. భోజనం పక్కనే ఉన్న హోటల్లో! ఇల్లు చిన్నదైతే కొంత బతుకు బయట గడవాల్సిందే. ఆ ‘బయట’ ఎక్కడో ముందే ఆలోచించాలి.

అసలు ఎగ్జామినర్ ఎండే

ఇదే ప్రాజెక్టును సింగరేణి గనులతో ఎదిగిన బెల్లంపల్లిలో వేయాల్సి వస్తే? మే నెలలో మంచిర్యాల జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. కాంక్రీటు పగలంతా వేడిని తాగి రాత్రి వదులుతుంది. గది చిన్నదైతే సెగ మరింత దగ్గర! మానసారెడ్డి గొట్టానికి తెల్ల రంగు వేసింది అందుకే. పొడవు గోడలు ఉత్తర, దక్షిణాలకు ఉండేలా నిలిపి, ఎదురెదురు కిటికీలు పెట్టి, కప్పు మీద ఖాళీ వదిలి మరో నీడ కప్పు వేస్తే ఉపశమనం. పడమట వేపచెట్టు, ముందు రాత్రి మంచం వేసుకునేంత వాకిలి ఉంటే ఇల్లు రెండింతలైనట్టే.

చిన్నదైతే చవకేనా?

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. గొట్టపు ఇంటికి కొన్ని లక్షల రూపాయలవుతుందని అప్పట్లో లెక్క చెప్పారు. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో కనీసం 400 చదరపు అడుగుల ఇంటికి ప్రభుత్వం ఇచ్చే సాయమూ ఐదు లక్షలే. ఇల్లు చిన్నదైనా బాత్రూమ్, పైపులు, కరెంటు పని తగ్గవు. అందుకే చదరపు అడుగు లెక్కన బుల్లి ఇల్లు ఖరీదే. కలిసొచ్చేది స్థలం, సమయం. మానసారెడ్డి ఇల్లు 28 రోజుల్లో సిద్ధమైంది మరి.

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఒక్క గదే ఉంటే అది 9.5 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 102 చదరపు అడుగులకు తగ్గకూడదు. దానికి వంటిల్లు, స్నానాలగది అదనం. కొత్త ఉద్యోగికో, పోటీ పరీక్షలకు చదివే కుర్రాడికో గొట్టం గది ముచ్చటగా ఉంటుంది. ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి ఉన్న కూలి కుటుంబానికి అదే గది శిక్ష. ఇష్టపడి ఎంచుకున్న ఇరుకు వేరు, గతిలేక సర్దుకున్న ఇరుకు వేరు.

కాబట్టి ప్రాజెక్టు చేతికొచ్చిన విద్యార్థి పెన్సిల్ పట్టుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఎంత చిన్నగా కట్టగలను?’ కాదు, ‘ఇందులో ఎవరుంటారు?’ అన్నది. దానికి జవాబు దొరికితే కొలతలు వాటంతటవే వస్తాయి.