గిడ్డంగి ఒకటే, చిట్టాలు వేరు

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు మీలో చాలామంది చూసే ఉంటారు. దింపు తీసిన కాయలను ముగ్గురు రైతులు ఒకే గిడ్డంగిలో పోశారనుకోండి. తలుపు ఒకటే, తాళమూ ఒకటే. చూసేవాళ్లకు ఏ కాయ ఎవరిదో తెలియదు. కాని గుమాస్తా దగ్గర చిట్టా ఉంటుంది. ఎవరి పేరున ఎన్ని కాయలున్నాయో అందులో విడివిడిగా రాసి ఉంటుంది. అద్దె కట్టించుకునేది రాశిని చూసి కాదు, చిట్టాను చూసి.

ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. కిందటేడు నాకిది తట్టకపోవడం వల్లనే మా బడిలో చదివే ఒక అమ్మాయి ఇంట్లో పెద్ద చిక్కు వచ్చిపడింది.

మా తొమ్మిదో తరగతి పిల్లలు సైన్సు ప్రదర్శన కోసం కొబ్బరి తెల్లదోమను ఎంచుకున్నారు. ఆకుల అడుగున తెల్లటి మైనపు పొడితో చుట్టలు చుట్టినట్లు గుడ్లు పెడుతుందే, ఆ సర్పిలాకార తెల్లదోమ. 2016లో మన దేశంలో దీన్ని మొదటిసారి గుర్తించారు. ఇది పట్టిన చెట్ల ఆకుల మీద మసి పూసినట్లు నల్లని బూజు పేరుకుంటుంది. తోటలున్న వాళ్ల పిల్లలకు దీన్ని నేను పరిచయం చేయనక్కర్లేదు. ఎవరి తోటలో వాళ్లు ఫోనుతో ఫోటోలు, వీడియోలు తీశారు. అన్నీ ఒకచోట చేరడానికి నేను ఇంటర్నెట్టులో ఒక ఉమ్మడి ఫోల్డరు తెరిచి, "ఫోల్డరు నాది. మీరెన్ని వేసినా బరువు నా ఖాతా మీదే పడుతుంది, ధైర్యంగా వేయండి" అని చెప్పాను.

అక్కడే పప్పులో కాలు వేశాను.

ఒక అమ్మాయికి సొంత ఫోను లేదు. అక్క ఫోను తీసుకుని, అందులో ఉన్న అక్క ఖాతాతోనే పద్నాలుగు నిమిషాల వీడియోలు పంపింది. ఆఖరి వీడియో సగంలో ఆగిపోయింది. సిగ్నలు లేదనుకుని ఊరుకుంది. అక్క డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతున్న రోజులవి. ఆ వారంలోనే కాకినాడలో ఇంటర్వ్యూకు రమ్మని ఆమెకు ఈమెయిలు వచ్చింది. కాదు, రాలేదు! ఖాతా నిండిపోవడంతో పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోయింది. ఇంటర్వ్యూ రేపనగా సాయంత్రం స్నేహితురాలు ఫోను చేసి, "నువ్వు రావడం లేదా?" అని అడిగితే సంగతి తెలిసింది. తెల్లవారుజామునే బస్సెక్కి వెళ్లింది గనుక సరిపోయింది.

మర్నాడు చెల్లెలు నా దగ్గరకొచ్చి అడిగింది: "మాస్టారండీ, ఫోల్డరు మీదన్నారు కదండీ. మరి మా అక్క ఖాతా ఎందుకు నిండిందండీ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని చదివి తెలుసుకున్నదే మీకిప్పుడు చెబుతున్నాను.

క్లౌడ్ అంటే మేఘం అని అర్థం గాని, మన ఫోటోలు ఆకాశంలో ఏమీ ఉండవు. డేటా సెంటర్లనే పెద్ద పెద్ద భవనాల్లో, వేలాది కంప్యూటర్ల డిస్కుల మీద ఉంటాయి. మన విశాఖపట్నంలోనూ అలాంటి భారీ కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఆ భవనంలో మీ పేరు రాసిపెట్టిన డబ్బా ఏదీ ఉండదు. మీకు 15 జి.బి. చోటు ఇచ్చామంటే, చిట్టాలో మీ పేరున అంతవరకు రాసుకోనిస్తామని అర్థం. కనుక ఉమ్మడి ఫోల్డరులోని వస్తువును ఎవరి పేరున రాయాలన్నది యంత్రం తేల్చే విషయం కాదు. కంపెనీ పెట్టుకున్న నియమం అది. ఒక్కో కంపెనీది ఒక్కో నియమం.

లెక్క వేసి చూద్దాం. ఒక మాస్టారు ఫోల్డరు తెరిచారు. 30 మంది పిల్లలు తలా 200 ఎం.బి. వేశారు. మొత్తం సుమారు 6 జి.బి.

ఇది గూగుల్ డ్రైవ్ అయితే, ఫైలును ఎవరు ఎక్కిస్తే వాళ్లే దాని యజమాని. ఫోల్డరు ఎవరు తెరిచారన్నది లెక్కలోకి రాదు. ప్రతి పిల్లవాడి చిట్టాలోనూ 200 ఎం.బి. పడుతుంది, మాస్టారి చిట్టాలో ఏమీ పడదు. ఇతరుల ఫైళ్లను ఎన్నిసార్లు చూసినా ఖర్చు లేదు. అయితే మీ కోసం ఒక నకలు తీసుకున్నారా, ఆ నకలు మీ పేరున పడుతుంది.

వన్‌డ్రైవ్‌లో ఇది తలకిందులు. అక్కడ ఫోల్డరు యజమాని మీదే మొత్తం భారం. ఉచిత ఖాతాకు 5 జి.బి. మాత్రమే ఇస్తారు గనుక 6 జి.బి. రాకముందే మాస్టారి ఖాతా నిండిపోతుంది. నేను పిల్లలకు చెప్పిన మాట ఇక్కడైతే నిజమయ్యేది!

డ్రాప్‌బాక్స్ దారి మరీ విచిత్రం. దాని వ్యక్తిగత ఖాతాల్లో, ఉమ్మడి ఫోల్డరులో చేరిన ప్రతి సభ్యుడి చిట్టాలోనూ మొత్తం 6 జి.బి. రాస్తారు. మాస్టారితో కలిపి 31 మంది. 31 ఆర్లు 186 జి.బి.! ఉన్న సరుకు ఆరే, చిట్టాల్లో మాత్రం నూట ఎనభై ఆరు. ఉచిత ఖాతాకు ఇచ్చేది 2 జి.బి. గనుక అంత పెద్ద ఫోల్డరులో ఉచితంగా ఎవరూ చేరలేరు. దీన్ని అన్యాయం అనబోయి ఆగాను. అక్కడ ఉమ్మడి ఫోల్డరు ప్రతి సభ్యుడి కంప్యూటరులోనూ తన సొంత ఫోల్డరులాగే వచ్చి కూర్చుంటుంది. వాడకంలో సొంతం గనుక లెక్కలోనూ సొంతం అన్నారేమో. చేరకుండా లింకు తెరిచి చూసేవాళ్లకు మాత్రం ఏ లెక్కా లేదు.

అక్క ఖాతా సంగతికి వద్దాం. ఫోను, నాణ్యత బట్టి మారినా, వీడియో నిమిషానికి 100 ఎం.బి. అనుకుంటే పద్నాలుగు నిమిషాలకు 1.4 జి.బి. ఇంటిల్లిపాది ఫోటోలతో ఆ ఖాతా అప్పటికే 14 జి.బి. దాటి ఉంది. గూగుల్ ఖాతానే తీసుకోండి: ఉచితంగా ఇచ్చే ఆ 15 జి.బి. డ్రైవ్‌కు, ఫోటోలకు, జీమెయిల్‌కు కలిపి. ఒకే గిడ్డంగిలో మూడు గదులున్నట్లు. వీడియోలు నింపేస్తే ఉత్తరాలకు చోటుండదు. చాలామంది పెద్దవాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు.

చిక్కు తీర్చడానికి నేను మొదట చేసిన పని ఫోల్డరును తీసేయడం. ఖాతా ఒక్క ఎం.బి. కూడా తగ్గలేదు. గిడ్డంగి తలుపు పీకేసినంత మాత్రాన చిట్టాలోని అంకె చెరిగిపోదు కదా! ఫోల్డరు పోయినా, వీడియోలు వాటి యజమాని డ్రైవ్‌లోకే చేరాయి. తీసేయవలసింది అక్క ఖాతా నుంచే. అక్కడ "స్టోరేజ్" అనే చోట నొక్కితే, మీ పేరున పడిన ఫైళ్లు పెద్దవి ముందుగా వరుసలో కనిపిస్తాయి. ఆమె వాటిని తీసేసింది. అయినా తగ్గలేదు! చెత్తబుట్టలోకి వెళ్లినవి కూడా లెక్కలోనే ఉంటాయి. బుట్టను మనం ఖాళీ చేయాలి, లేదా 30 రోజులు ఆగాలి.

తొందరలో ఒక పొరపాటు జరగబోయింది. యజమాని ఫైలును పూర్తిగా తీసేస్తే ఫోల్డరు పంచుకున్న అందరికీ అది మాయమవుతుంది. గుడ్లలోంచి పిల్లపురుగులు బయటికి వస్తున్న వీడియో, తరగతి మొత్తంలో ఆ ఒక్క అమ్మాయే తీయగలిగింది. బుట్ట ఖాళీ చేసేముందు, "అక్కా, ఆగు!" అని తనే ఆపింది. బుట్టలోంచి వెనక్కి తెచ్చి, అన్నీ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించాక అప్పుడు తీసేశాం.

కొన్ని బడులకు, కాలేజీలకు సంస్థ పేరున ఖాతాలుంటాయి. వాటిలో "షేర్డ్ డ్రైవ్" అనే ఏర్పాటు ఉంటే ఫైళ్లకు యజమాని సంస్థే. మాస్టారు బదిలీ అయి వెళ్లినా ఫైళ్లు పోవు. మాకది లేదు.

అక్కకు ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారు. ఆ కంపెనీలో రాలేదు, మరోచోట వచ్చింది. పెన్‌డ్రైవు మా ప్రయోగశాల బీరువాలో, అయస్కాంతాల డబ్బాకు దూరంగా ఉంది. అయస్కాంతం దాన్నేమీ చేయదని నాకు తెలుసు. ఆ అమ్మాయే ఒప్పుకోలేదు.