ఫేజ్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్: గ్రిడ్‌లో దాని చోటు

ఫేజ్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ గ్రిడ్‌లో కరెంటును దారి మళ్లించే యంత్రం. పక్కపక్కన ఉన్న లైన్లలో ఏది ఎంత మోయాలన్నది మామూలుగా మనిషి చేతిలో ఉండదు. రియాక్టెన్స్ (ఏసీ ప్రవాహానికి లైన్ చూపే అడ్డు) తక్కువున్న లైన్‌లోకి ఎక్కువ విద్యుత్తు పోతుంది. అందుకే ఒక లైన్ నిండిపోయినా మరో లైన్‌లో చోటు మిగిలే ఉంటుంది. లైన్ రెండు కొసల వోల్టేజీల మధ్య ఫేజ్ కోణం పెరిగితే ప్రవాహం పెరుగుతుంది. ఈ యంత్రం ఒక్కో ఫేజ్ వోల్టేజీకి, మిగతా రెండు ఫేజ్‌ల మధ్య ఉన్న వోల్టేజీలో కొంత భాగాన్ని కలిపి ఆ కోణాన్ని జరుపుతుంది. ఎంత జరపాలో ట్యాప్ చేంజర్‌తో, అంటే వైండింగ్ చుట్ల సంఖ్యను మార్చే స్విచ్‌తో, మార్చుకోవచ్చు. తెలంగాణలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో బీహెచ్ఈఎల్ తయారుచేసిన 315 ఎంవీఏ, 400/220 కేవీ యంత్రం ఇలాంటిదే.

గ్రిడ్ భద్రతకు మూలసూత్రం ‘ఎన్ మైనస్ 1’: ఏ ఒక్క లైన్ పోయినా మిగతావి ఓవర్‌లోడ్ కాకూడదు. 2012 జులై 30 తెల్లవారుజామున బినా–గ్వాలియర్ 400 కేవీ సర్క్యూట్లలో ఒకటి పనుల కోసం ఆపి ఉంది. రెండోదాని మీద భారం విపరీతంగా పెరగడంతో లైన్‌లో ఏ లోపమూ లేకుండానే రక్షణ రిలే దాన్ని ట్రిప్ చేసింది (ఆపేసింది). ఉత్తర గ్రిడ్ కూలిపోయింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలి, 60 కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతాలకు కరెంటు పోయింది.

ఇలాంటి ఓవర్‌లోడ్‌ను ఆపాలంటే ఫేజ్ షిఫ్టింగ్ యంత్రం ఉంటే చాలదు, సరైన చోట ఉండాలి. రెండు ఊళ్ల మధ్య మూడు లైన్లు కలిపి 1000 మెగావాట్లు మోస్తున్నాయనుకుందాం. మొదటి రెండింటి రియాక్టెన్స్ సమానం, మూడోదానిది రెట్టింపు. అప్పుడు అవి 400, 400, 200 మెగావాట్లు మోస్తాయి. ఒక్కోదాని పరిమితి 550. మొదటిది ట్రిప్ అయితే రెండోదాని మీద సుమారు 667, మూడోదాని మీద 333 పడతాయి. ఉన్న రెండు లైన్లూ కలిపి 1100 మోయగలవు. అయినా రెండోది ఓవర్‌లోడ్ అయి ట్రిప్ అవుతుంది, ఆపై మూడోదీ పోతుంది. మూడో లైన్‌లో యంత్రం పెట్టి దాని వాటాను 450కి పెంచితే రెండూ నిలుస్తాయి. అదే యంత్రం మొదటి లైన్‌లో ఉంటే, ఆ లైన్‌తోపాటే అదీ పోతుంది. మూడో లైనే పోతే మిగతా రెండూ చెరో 500 మోస్తాయి కాబట్టి యంత్రం అవసరమే ఉండదు.

అసలు గ్రిడ్‌లో లైన్లు వేలల్లో ఉంటాయి. ఒక్కో లైన్ పోతే భారం ఎటు మళ్లుతుందో ముందుగా లెక్కిస్తారు. ఒక్కో చోట కోణం ఒక డిగ్రీ జరిపితే ఓవర్‌లోడ్ ఎంత తగ్గుతుందో చూసి, ఎక్కువ ఫలితమిచ్చే కొన్ని చోట్లను వడకడతారు. వాటిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రమాదాలను కాచే కలయికను కంప్యూటర్‌తో ఎంచుతారు. వేసవి పీక్‌కూ, అర్ధరాత్రి లోడ్‌కూ విడివిడిగా పరీక్షిస్తారు. ఒక లైన్‌ను కాపాడబోయి మరోదాన్ని ముంచకూడదు.

వేగం కూడా ఎంపికలో భాగమే. ట్యాప్ చేంజర్ ఒక్కో మెట్టు చొప్పున కదులుతుంది. తీగ వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పట్టే చోట అది సరిపోతుంది. జనరేటర్ల ఊగిసలాటను క్షణాల్లో అణచాలంటే థైరిస్టర్ (సెమీకండక్టర్ స్విచ్) పరికరాలు కావాలి. ఆ దారి చూపినవాడు ఇంజనీరు నారాయణ్ హింగోరాణి; 1980ల చివర్లో ఆయన ప్రతిపాదించిన ఆలోచన 1992లో అమెరికాలోని కయెంటాలో, 1998లో ఐనెజ్‌లో పనిచేసే యంత్రాలుగా మారింది. మన దేశంలో రాయ్‌పూర్–రవుర్కెలా లైన్ మీదా థైరిస్టర్‌తో నడిచే సిరీస్ కెపాసిటర్లు అమర్చారు.